వినేమనిషి

ఆదివారం ఉదయం నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుండగా, నేను ఏ కిమోనో కట్టుకోవాలో అత్తయ్య నిర్ణయించింది. లేతరంగుదే కట్టుకోమంది. "చూపులన్నీ వాడి మీద ఉండాలి కదా, చిగుసా." నేను కాలర్ తిప్పి రెండో వైపు ఇస్త్రీ చేశాను.

ఆ రోజు నగోయాలో పెద్ద గో పోటీ. గళ్ల పలక మీద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పెడుతూ, ఎదుటివారి రాళ్లను చుట్టుముట్టే ఆట అది. అసలు ఆట మేడమీద గదిలో జరుగుతుంది. కింద హాల్లో, నిలువు పలక మీద అయస్కాంతపు రాళ్లు అంటిస్తూ నా భర్త హిసయాసు ఆ ఆటను ప్రేక్షకులకు వివరిస్తారు. నేను ఆయన పక్కన నిలబడే వినేమనిషిని. రాళ్లు అందించడం, తెలిసిన విషయాన్ని తెలియనట్టు అడగడం నా పని. ఆ పనికి ఎప్పుడూ ఆడవాళ్లనే పిలుస్తారు.

తొమ్మిదో ఏట గురువుగారింట్లో శిష్యురాలిగా చేరాను. గోలో ఆట ముగిశాక గెలిచినవారూ ఓడినవారూ కలిసి కూర్చుని, మొదటి రాయి నుంచి మళ్లీ పేర్చి తప్పులు వెతుక్కుంటారు. అసలు చదువు అక్కడే. ఆ వేళకు గురుపత్ని నన్ను బియ్యం కడగడానికి పిలిచేది. తలుపు అవతలి మాటలు వింటూ, చేతులు నీళ్లలో ఉంచుకుని, పలకను తలలో పేర్చుకునేదాన్ని. పద్నాలుగేళ్లకే వృత్తి క్రీడాకారిణినయ్యాను. హిసయాసు ఆ స్థాయికి నా తరువాతే వచ్చారు.

వచ్చే గురువారం జరిగే అర్హత పోటీకి తీసిన చీటీలు మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాయి. అదే రోజు మరో ఊరికి వినేమనిషిగా రమ్మని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆదివారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

"వెళ్లి రారాదూ," అన్నారాయన శనివారం, మిసో సూప్ గిన్నె ఎత్తి తాగుతూ. "మొగుడూ పెళ్లాలు ఎదురెదురుగా కూర్చుంటే జనం నవ్వుతారు. నువ్వు రాకపోతే గెలుపు నాకు రాస్తారు. ఇంట్లోదే కదా, ఎక్కడికి పోతుంది?"

కోపం వచ్చిందేమోనని నన్ను నేను పరీక్షించుకున్నాను. రాలేదు. గంటల తరబడి మోకాళ్ల మీద కూర్చున్నాక పాదాలు తిమ్మిరెక్కుతాయి. అవి మనవేనని చూసి తెలుసుకోవాలి తప్ప స్పర్శ చెప్పదు. నా స్థితి అదే.

హాల్లో ఆయన మూలనున్న నల్లరాళ్ల గుంపును చూపించి, తెల్లరాళ్ల ముట్టడిలో అది చచ్చిపోయిందని ప్రకటించారు. అది చావలేదు. అలాంటప్పుడు నేనేం చెయ్యాలో స్థిరపడి ఉంది. తెలివితక్కువ ప్రశ్నేమో గానీ, ఇక్కడ పెడితే ఏమవుతుందండీ అని అడగాలి. నేనూ అక్కడికే వస్తున్నానని ఆయన నవ్వాలి. ప్రశ్న నోటిదాకా వచ్చింది. నోటికి బదులు చెయ్యి లేచింది. నల్లరాయి అంటించాను, దానికి జవాబుగా తెల్లరాయి అంటించాను, మళ్లీ నల్లరాయి.

"బతికింది," అన్నాను.

ఆయన మైకు దగ్గరికి లాక్కున్నారు. "ఈ రాత్రి నాకు అన్నం పుడుతుందో లేదో." హాలంతా నవ్వింది. కాసేపటికి మేడమీద ఆటగాడు సరిగ్గా అక్కడే రాయి పెట్టినట్టు తెర మీద కనిపించింది. "మేం అనుకున్నట్టే," అన్నారాయన.

సాయంత్రం స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా నిర్వాహకులకు ఫోన్ చేశాను. గురువారం నాకు ఆట ఉంది, రాలేనన్నాను. పక్కనే ఉన్న ఆయన విన్నారు. రైలెక్కి కూర్చున్నాం.

"హాల్లో ఎప్పట్లా అడిగి ఉంటే సరిపోయేది," అన్నారు కిటికీలోకి చూస్తూ. "అడిగితే నేనే చెప్పేవాణ్ణిగా." రెండు స్టేషన్లు దాటాక గొంతు తగ్గించారు. "అయినా ఆ మూల ఎలా బతుకుతుందని కనిపెట్టావు? ఇంటికెళ్లాక చెప్పు."

ఓడిన ప్రతి ఆటనూ ఆయన నా వంటింటి బల్ల మీదే పేర్చుకున్నారు. ఆ తప్పులు నేను కూర తరుగుతూ చూపించినవే.

"గురువారం చెబుతాను," అన్నాను. "ఆట అయ్యాక, పలక దగ్గర కూర్చుని. ఆ రోజు బియ్యం ఎవరు కడుగుతారో మీరూ అత్తయ్యా అనుకోండి."