ఎడమ భుజం, కుడి భుజం

ఆట మొదలైన పది నిమిషాల్లోనే ఒకడి పన్ను ఊడింది. ఎవరి మోచెయ్యి తగిలిందో రిఫరీ చూడలేదు, నేను చూశాను. పన్ను ఊడినవాడు కింద పడలేదు, ఏడవలేదు. నోట్లోంచి కారుతున్న రక్తాన్ని జెర్సీకి తుడుచుకుని, పన్నుని గడ్డిలోంచి ఏరి, సాక్సులోకి దోపుకుని మళ్ళీ పరుగెత్తాడు.

పదహారేళ్ళుంటాయి. జట్టులో అందరూ వాణ్ణి 'తాళం' అంటున్నారు. వాడు మధ్యలో నిలబడితే అవతలివాళ్ళకి తలుపు తెరుచుకోదని.

నేను ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కి కుర్రాళ్ళను వెతికిపెడతాను. ముప్ఫై దాటేవరకూ నేనూ ఆడాను. మోకాలు విరిగాక గట్టు మీదికి చేరాను. ఆ ఏడాది మా క్లబ్‌కి కావలసింది డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. గోల్ కొట్టే పని కాదు, గోల్ దగ్గర కాపలా కాసే పనీ కాదు. రెండింటి మధ్యా నిలబడి, వచ్చే దాడిని మొదట్లోనే విరగ్గొట్టే పని. పేపర్లో ఫొటో పడదు. దెబ్బలు మాత్రం అందరికంటే ఎక్కువ పడతాయి.

అలాంటి కుర్రాణ్ణి చూసేటప్పుడు నేను బంతిని చూడను. వాడి మెడని చూస్తాను. బంతి కాళ్ళ దగ్గరికి రాకముందే వెనక ఎవరున్నారో భుజం మీదుగా ఎన్నిసార్లు చూసుకున్నాడని లెక్కపెడతాను. ఎడమ భుజం మీదుగా చూస్తే నోట్‌బుక్కులో ఎడమ పేజీ మీద ఒక గీత, కుడి అయితే కుడి పేజీ మీద. మంచి ఆటగాడికి ఒక మ్యాచ్‌లో రెండొందలు దాటుతాయి. తాళానికి ఆ రోజు నాలుగొందల పదిహేడు. ఎడమ రెండొందల పన్నెండు, కుడి రెండొందల అయిదు. రెండు భుజాలూ దాదాపు సమానం! పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అలాంటి లెక్క నాకెప్పుడూ రాలేదు.

చివరి నిమిషంలో, మోచెయ్యి విసిరిన కుర్రాడు బంతితో దూసుకొచ్చాడు. తాళం పక్కనుంచి జారుతూ వెళ్ళి కుడి కాలితో బంతిని లాక్కున్నాడు. ఎముకకి ఎముక తగిలిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. ఆ కుర్రాడు గాల్లో ఒక చుట్టు తిరిగి వీపు మీద పడ్డాడు. తప్పు లేదు, ముందు బంతే తగిలింది. రిఫరీ విజిల్ వెయ్యలేదు.

ఆట అయ్యాక ఒక మనిషి నా దగ్గరికి వచ్చాడు. చేతులకి రబ్బరు నలుపు. చొక్కా మాత్రం ఇస్త్రీ చేసింది.

"నమస్కారం మేడమ్. నేను వాడి నాన్నని. టైర్ల షాపు మనది. ఎలా ఉన్నాడు మా సన్నాసి?"

తల్లిదండ్రులకి పూర్తి పొగడ్త చెప్పకూడదని నాకొక నియమం. చెబితే నెత్తికెక్కుతుంది, మర్నాడే ఇంకో క్లబ్‌తో బేరం పెడతారు. అందుకే ఎంత బాగా ఆడినా ఒక్క లోపం చెప్పి వస్తాను.

"బాగా ఆడతాడండీ. కానీ ఎడమ కాలు లేదు."

"లేకపోవడమేంటి, రెండూ నేనే చేశాను కదా!" అని పెద్దగా నవ్వాడు.

"ఉంది, నిలబడ్డానికే. బంతి ఎడమవైపు వస్తే కుడికి మార్చుకుంటున్నాడు. పెద్ద ఆటల్లో ఆ అర సెకను చాలు కొంప మునగడానికి."

"అంతేనా! మూడు వారాలు ఆగండి, తెప్పిస్తా."

"అలా వచ్చేది కాదండీ. ఏళ్ళు పడుతుంది."

"మీరు మా చేతులు చూడలేదు మేడమ్" అన్నాడు. నేనూ నవ్వాను.

మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను.

మొదటి పాసే ఎడమ కాలితో ఇచ్చాడు. రెండోదీ అంతే. నలభై అడుగుల అవతల ఉన్నవాడి కాళ్ళ దగ్గర పెట్టినట్టు పడింది. ఇన్నేళ్ళుగా ఎందరికో చెప్పాను, ఇంత తొందరగా నేర్చుకున్నవాణ్ణి చూడలేదు. వాడు కుడి కాలితో బంతిని ముట్టుకోవడమే లేదని గమనించాను. పట్టుదల అనుకున్నాను. నోట్‌బుక్కులో 'పట్టుదల' అని కూడా రాశాను.

రెండో సగంలో ఒకడు కావాలనే వాడి కుడి పాదం తొక్కాడు. పన్ను ఊడినా మాట్లాడనివాడు అప్పుడు ఒక చప్పుడు చేశాడు. తలుపు సందులో తోక నలిగిన కుక్క చేసే చప్పుడు. తర్వాత లేచి, తొక్కినవాడి డొక్కలో భుజంతో గుద్దాడు. వాడు అక్కడే మోకాళ్ళ మీద కూలబడి కక్కుకున్నాడు. పసుపు కార్డు చూపించినా తాళం చూపు రిఫరీ మీద లేదు, గట్టు వైపు ఉంది.

ఆట అయ్యాక వాళ్ళ నాన్న కొడుకు మెడ మీద చెయ్యి వేసుకుని వచ్చాడు.

"ఏం మేడమ్, వచ్చిందా ఎడమ కాలు?"

"నమ్మలేకపోతున్నానండీ. ఎలా చేశారు?"

"ప్రేమతోనే మేడమ్. అంతేరా?"

"అంతే నాన్నా" అన్నాడు వాడు. పళ్ళ మధ్య నల్లటి సందు కనిపించింది.

ఆదివారం కాగితాలతో ఇంటికి వస్తానని చెప్పాను. తల్లో తండ్రో ఒకరు సంతకం పెడితే చాలు. సోమవారం డాక్టరు పరీక్ష, ఆ మధ్యాహ్నం నుంచే క్లబ్ హాస్టల్లో మంచం, భోజనం, బడి. ఇల్లు వదలాలని చెప్పినప్పుడు సాధారణంగా పిల్లలు తల్లి మొహం వైపు చూస్తారు. తల్లి గ్రౌండుకి రాలేదు. వీడు నా మొహం వైపు చూసి, "సోమవారం పక్కానా మేడమ్?" అని అడిగాడు. వాళ్ళ నాన్న వేళ్ళు వాడి మెడ మీద బిగుసుకున్నాయి. నేను చూశాను. మురిపెం అనుకున్నాను.

మర్నాడు పొద్దున భోజనాల బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు రాస్తున్నాను. ఎదురుగా మా అమ్మ నా చొక్కాకి గుండీ కుడుతోంది. దారం తెంపుతూ నోట్‌బుక్కులోకి తొంగి చూసింది.

"ఇదేంటే, ఈ గీతలన్నీ ఒక పక్కే ఉన్నాయి? ఆ పేజీ ఖాళీ."

"రెండు పక్కలా ఉన్నాయమ్మా. సమానంగా. కూడిక చూడు."

"కూడిక నాకెందుకు, కళ్ళు లేవా? ఇక్కడ ఎడమంతా నిండింది, కుడి ఖాళీ. ఇటు తిప్పితే కుడంతా నిండింది, ఎడమ ఖాళీ. మెడ పట్టేసిందేమో పాపం."

పేజీలు వెనక్కి తిప్పాను. అమ్మ చెప్పింది నిజమే. మొదటి సగం గీతలన్నీ ఎడమ పేజీ మీదే. విరామం తర్వాత అన్నీ కుడి పేజీ మీదే. నేను చివర్లో మొత్తం కూడుకుని మురిసిపోయాను గానీ, ఏ సగంలో ఎన్నని చూసుకోలేదు.

విరామం తర్వాత జట్లు వైపులు మార్చుకుంటాయి. గట్టు మారదు. మొదటి సగంలో ఎడమవైపు ఉన్న గట్టు రెండో సగంలో కుడివైపుకి వస్తుంది. ఆ గట్టు మీద, రెండు మ్యాచ్‌లలోనూ, కదలకుండా ఒకే చోట నిలబడింది ఒక్క మనిషే. మొదటి మ్యాచ్‌లో ఒక పది నిమిషాలు గీతలే లేవు. పక్కన నా అక్షరాలే: 'అలసిపోయాడు.' ఆ పది నిమిషాలూ వాళ్ళ నాన్న ఫోను మాట్లాడుతూ గేటు బయటికి వెళ్ళాడు. నా పక్కనుంచే వెళ్ళాడు.

వాడు వెనక వచ్చే ఆటగాణ్ణి చూసుకోవడం లేదు.

"ఎక్కడికే, గుండీ ఇంకా ఒకటుంది" అని అమ్మ అరుస్తూనే ఉంది. ఆదివారం దాకా ఆగలేదు, శనివారమే బయల్దేరాను.

కింద టైర్ల షాపు, పైన ఇల్లు. వాళ్ళ నాన్న ఒక లారీ చక్రం ముందు కూర్చుని, మూరెడు ఇనుప రాడ్డుతో టైరు ఊడదీస్తున్నాడు. గాలి కొట్టే మిషను మోతలో నన్ను చూడలేదు. పక్క మెట్ల మీదుగా పైకి వెళ్ళాను.

తలుపు తీసిన తల్లి ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. నేనెవరో చెప్పగానే మొహం పాలిపోయింది.

"రేపు కదా మేడమ్?"

"వాణ్ణి ఒక్కసారి చూసి వెళ్తానమ్మా."

వంటింట్లో గోడకేసి బంతి కొడుతున్నాడు. ఎడమ కాలు, ఎడమ కాలు, ఎడమ కాలు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి.

"కుడి కాలి సాక్సు తియ్యి" అన్నాను.

వాడు భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. తర్వాత కింద కూర్చుని తీశాడు. పాదం వంకాయ రంగులో ఉబ్బిపోయి ఉంది. రెండు వేళ్ళకి గోళ్ళు లేవు. మధ్యలో ఎముక ఉండాల్సిన చోట కాక పక్కకి పొడుచుకొచ్చింది. ఆ పాదంతోనే నా ముందు తొంభై నిమిషాలు ఆడాడు. నేను పట్టుదల అని రాసుకున్నాను.

"టైరు పడింది మేడమ్" అన్నాడు వాడు.

"టైరు కాదు" అంది తల్లి. గొంతు పెంచకుండానే చెప్పింది. "మీరే కదా ఎడమ కాలు లేదన్నది. ఆ రోజు నుంచి, కుడి కాలితో బంతి ముట్టుకుంటే ఒకటి. రాడ్డుతో. రోజూ రెండు గంటలు, ఇక్కడే. ఎన్నైనాయో నేను పైకి లెక్కపెట్టాలి. తప్పితే మళ్ళీ మొదట్నుంచి."

ఆ మాట చెప్పి, ఆ రోజు నేనూ నవ్వాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఏంటి మేడమ్, ముహూర్తం ముందుకు జరిపారా?" నవ్వుతూనే వచ్చాడు. రాడ్డు చేతిలోనే ఉంది. కొడుకు పాదం చూశాక నవ్వు ఆగిపోయింది.

"ఎముక విరిగిందండీ. సోమవారం పరీక్షలో వీడు దాటడు" అన్నాను. అది ఆ మనిషి ముందు అనకూడని మాట. అప్పటికీ బుద్ధి రాలేదు నాకు.

అతను నన్ను చూడలేదు. భార్య వైపు తిరిగాడు.

"సాక్సు ఎవరే తియ్యమన్నది?"

జవాబు కోసం ఆగలేదు. రాడ్డు ఆమె భుజం మీద పడింది. రెండోది దవడ మీద. ఆమె పొయ్యి మీదికి తూలింది. గిన్నె దొర్లి మరుగుతున్న నీళ్ళు నేలంతా పరుచుకున్నాయి. నేను వెనకనుంచి అతని చెయ్యి పట్టుకుని వేలాడాను. ఒక్క విదిలింపుకి వెళ్ళి బీరువాకి కొట్టుకున్నాను. కళ్ళజోడు పగిలి కనుబొమలో గుచ్చుకుంది. రక్తంలోంచి చూస్తున్నాను. అతను రాడ్డు మూడోసారి ఎత్తాడు.

తాళం ఈసారి వెనక్కి చూడలేదు.

కూర్చున్న చోటు నుంచే, ఆ వేడి నీళ్ళ మీద జారుతూ వచ్చాడు. ఎడమ కాలు చాపి, తండ్రి బరువంతా మోస్తున్న చీలమండ మీద కొట్టాడు. ఎముక చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. ఇంత దగ్గర్లో ఎప్పుడూ వినలేదు. అతను అంత ఎత్తు నుంచి బస్తాలా పడ్డాడు. గడపకి తల తగిలింది. పాదం పక్కకి తిరిగిపోయి ఉంది. అతని అరుపులు మొదలయ్యాయి.

వాడు నీళ్ళలో కూర్చుని నా వైపు చూశాడు. ఊపిరి ఆడక మాటలు విరిగాయి.

"ఎడమ కాలే మేడమ్. చూశారు కదా?"

నేను చూశాను.

తల్లి లేచింది. పెదవి చీలి గడ్డం దాకా రక్తం. నేల మీది రాడ్డు తీసుకుంది. కిటికీలోంచి విసిరేస్తుందేమో అనుకున్నాను. భర్త దగ్గరికి వెళ్ళి, విరగని పాదం మీద పెట్టి కొట్టింది.

"ఒకటి" అంది.

"అమ్మా, చాలు" అన్నాడు కొడుకు.

ఎత్తిన చెయ్యి గాల్లో ఆగింది. కొడుకు వైపు చూసి, రాడ్డు పొయ్యి గట్టు మీద గరిట పెట్టినట్టు పెట్టింది. గ్యాసు కట్టేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"కాగితం తెచ్చారా మేడమ్?"

"తెచ్చానమ్మా. కానీ ఈ కాలితో క్లబ్ వాణ్ణి ఇప్పుడు…"

"మీ నోటి మాటతో విరిగింది ఆ కాలు. వీడు మళ్ళీ ఈ ఇంట్లో పడుకోడు. ఎక్కడ పడుకుంటాడో మీరు చెప్పండి. సంతకం నేను పెడతాను."

పెట్టింది. కాగితం మీద రెండు చుక్కల రక్తం పడింది. అంబులెన్సుకీ పోలీసులకీ నేనే ఫోన్ చేశాను. వచ్చాక, జరిగింది జరిగినట్టు ముగ్గురం చెప్పాం, ఆ 'ఒకటి'తో సహా. అతన్ని పోలీసు కాపలాతో ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

ఆస్పత్రి నుంచే మా డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. "ఆరు నెలలు ఆడలేనివాడికి మంచం ఇవ్వమంటావా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు.

"వద్దు. మంచం నేనిస్తాను. ఆ చోటు మాత్రం ఆరు నెలలు ఇంకొకడికి ఇవ్వకండి."

"మాట ఇవ్వలేను. కాలు అతుక్కున్నాక తీసుకురా, చూస్తాను."

కుర్రాళ్ళ తల్లిదండ్రులకి నేను చెప్పే మాట కూడా ఎప్పుడూ అదే.

సాయంత్రం నాలుగింటికి ఇద్దర్నీ మా ఇంటికి తీసుకొచ్చాను. తల్లికి దవడ మీద కట్టు, కొడుక్కి మోకాలి దాకా పిండికట్టు, నాకు కనుబొమ మీద మూడు కుట్లు. మా అమ్మ ముగ్గుర్నీ చూసి కంచాలు పెట్టింది.

వాడు ముద్ద ఎత్తుతాడు, ఎడమ భుజం మీదుగా తలుపు వైపు చూస్తాడు. నములుతాడు, మళ్ళీ చూస్తాడు. నా వేళ్ళు అలవాటుగా బల్ల మీద గీతలు గీస్తున్నాయి. చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాను.

అమ్మ కాసేపు చూసింది. తర్వాత లేచి వచ్చి, "కాస్త లే నాన్నా" అంది. వాడు బల్ల పట్టుకుని ఒంటి కాలి మీద లేచాడు. అమ్మ వాడి కుర్చీని బల్ల అవతలికి ఈడ్చి, వీపు గోడకి ఆనేలా, తలుపు ఎదురుగా ఉండేలా వేసింది.