తలుపు వెనక మంచుమూల

మా వీధి తలుపు వెనక మంచు పడుతోంది. రాజమండ్రి, రోహిణి కార్తె, పొద్దున్న ఏడున్నర. తలుపుకీ గోడకీ మధ్యనున్న అడుగున్నర సందులో మాత్రమే పడుతోంది. మిగతా హాలంతా ఫ్యాను వేడిగాలి కొడుతోంది.

ఆ సందు నాది. మా ఆయన పోయి ఇరవై రెండేళ్ళు. అప్పట్నుంచీ అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. ఎవరు ఏ పని మీద బయల్దేరినా, మొగుడు పోయినది ఎదురు రాకూడదని వెళ్ళి ఆ సందులో నిలబడతాను. బండి చప్పుడు వీధి మలుపు తిరిగాక బయటికొస్తాను. మొదటిసారి నిలబడమన్నది వదిన. తర్వాత్తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకుండానే నిలబడ్డాను. అదే నాకు ఎక్కువ మంట.

నేను ఆడపిల్లల బడిలో లైబ్రేరియన్ని. వాడుకోని సెలవులు పదిరోజులున్నాయి. మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకోవాలని రెండు చిన్న రిసార్టులకి ఉత్తరాలు రాశాను. జవాబు రాయకుండా రెండూ స్వయంగా వచ్చేశాయి. మంచుమూల అనేది తలుపు వెనక దిగింది. తెల్లవాలు అనేది వీధిలో, మా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా నిలబడింది. దాని కొన ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకుని దాటిపోయింది. వాలు మా మెట్టు దగ్గర ముగుస్తోంది.

"ఎనిమిదిలోపల ఏదో ఒకటి తేల్చండి," అంటుంది మంచుమూల. "లేకపోతే ఇద్దరం కరిగిపోతాం. మీ ఊరి ఎండ మామూలుగా లేదు."

ఎనిమిదింటికే మా మేనకోడలు హరిప్రియ బయల్దేరుతుంది. రేపు విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాలి. నేను పెంచిన పిల్ల. అది మొదటిసారి బడికి వెళ్ళడం నేను చూడలేదు. పదో తరగతి పరీక్షకి వెళ్ళడం చూడలేదు. జడలు వేసింది నేను, టిఫిను తినిపించింది నేను, ఆపైన తలుపుచెక్క వైపు మొహం పెట్టి నిలబడింది నేను. ఇవాళ మాత్రం దాని మొహం చూసి తీరతాను.

అన్నయ్య పార్వతీశం కళ్ళజోడు తుడుచుకుని రెండు రిసార్టుల్నీ చూసి వస్తాడు.

"మంచుమూలే నయం, వకుళా. ఇంటిపట్టునే ఉన్నట్టుంటది."

"తలుపు తీసుంచితే ఎవరి కంటా పడదు కూడాను," అంటుంది కనకవల్లి వదిన, హరిప్రియ డబ్బాలో పులిహోర సర్దుతూ.

సరే, చూడకుండా కాదనడం ఎందుకని సందులోకి తల పెడతాను. అడుగున్నర సందు నేను చూస్తూండగానే పొడవవుతుంది. రెండు పక్కలా చిన్న చిన్న తలుపులు. ఒక్కో తలుపు వెనక ఒక్కో ఆడమనిషి, ఉన్ని శాలువా కప్పుకుని, ముక్కు గోడకి ఆనించి నిలబడి ఉంది.

"మా దగ్గర ఎవరూ ఎవరికీ ఎదురుపడరండి," అంటుంది మంచుమూల. "వాలు మీదికి ఒకసారికి ఒక్కరినే పంపుతాం. అద్దాలు పెట్టలేదు. పొద్దున్నే వేడి పాలు."

"వీళ్ళంతా ఎప్పుడు తిరిగెళ్తారు?"

"వెళ్ళాలంటే బయటికి రావాలి కదండీ. వస్తే ఎవరో ఒకరికి ఎదురవుతారు. అందుకని వెళ్ళరు."

మాటలో తప్పేమీ కనిపించదు. మంచులో రెండు పాదాల గుర్తులున్నాయి. కాలు పెట్టి చూస్తే నావే. పక్కన మేకుకి ఒక శాలువా వేలాడుతోంది. అంచు మీద నా పేరు కుట్టి ఉంది. కోపంగా శాలువాని మేకుకే వదిలేసి సందులోంచి బయటికొస్తాను.

వీధిలోకి వెళ్ళి తెల్లవాలుని అడుగుతాను.

"నీ దగ్గర ఏముంది?"

"వాలు."

"ఇంకా?"

"కింద మీ గుమ్మం."

"స్కీలు ఇస్తావా?"

"అవి మీరే తెచ్చుకోవాలండి. మాది చిన్న రిసార్టు."

లోపల్నుంచి వదిన గడియారం చూసి పిలుస్తుంది. "వకుళా, వేళవుతోంది. నువ్వలా తలుపెనక్కి వెళ్ళమ్మా." కాఫీ పెట్టమన్నట్టే అంటుంది. ఆవిడ గొంతులో ఎప్పుడూ కోపం ఉండదు. ఉంటే ఎప్పుడో పోట్లాడేదాన్ని.

"వెళ్ళను వదినా."

"పిల్ల మొదటి ఉద్యోగం. ఇవాళొక్కరోజుకీ."

"ఇరవై రెండేళ్ళుగా ఇవాళొక్కరోజే కదా."

కుట్టుమిషను సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీస్తాను. మాది రెండు రెక్కల టేకు తలుపు. బందుల స్క్రూలు ఒక్కొక్కటీ విప్పుతాను. బాగా బరువుంటుందనుకున్నాను గానీ రెక్కలు రెండూ నా చేతుల్లోకి తేలిగ్గా వచ్చేస్తాయి.

"ఇదేం పద్ధతండీ," అంటుంది మంచుమూల. "తలుపు లేకపోతే తలుపు వెనక ఎలా ఉంటుంది?"

"ఉండదు," అంటాను.

మంచుమూల నిజమే అని ఒప్పుకుని లేకుండా పోతుంది. పోయేముందు ఆ ఆడవాళ్ళంతా గోడ మీంచి ముక్కు తీసి, వెనక్కి తిరిగి నన్ను చూస్తారు.

రెక్కల్ని, బట్టలారేసే తాడుని, రెండు దండెం కర్రల్ని భుజాన వేసుకుని వాలు ఎక్కుతాను. పైనుంచి గోదావరి, రైలు వంతెన, మా పెరట్లో ఆరేసిన వడియాలు కనిపిస్తున్నాయి. తాడుతో రెక్కల్ని పాదాలకి కట్టుకుంటాను. గొళ్ళెం ఎడమ కాలి బొటనవేలు దగ్గరుంది.

ఎనిమిదవుతుంది. సూట్‌కేసుతో హరిప్రియ, వెనకాల అన్నయ్యా వదినా గుమ్మంలోకి వస్తారు. తల పైకెత్తి నన్ను చూస్తారు.

"ఎదురొస్తోంది," అంటాడు అన్నయ్య. "లోపలికి పదండి. కూచుని, మంచినీళ్ళు తాగి బయల్దేరదాం."

మా ఇంట్లో దుశ్శకునానికి అదే విరుగుడు. ముగ్గురూ వెళ్ళి సోఫాలో కూర్చుంటారు. గుమ్మానికి తలుపు లేదు గనక నాకంతా కనిపిస్తోంది. గ్లాసుల్లో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. అన్నయ్య గ్లాసు బోర్లిస్తాడు. చుక్క రాలదు.

"తాగకుండా లేవకూడదు," అంటుంది వదిన.

అన్నయ్యా వదినా గ్లాసులు పెదాలకి ఆనించుకుని, గడ్డ కరిగేదాకా ఆగుదామని కూర్చుంటారు. హరిప్రియ గ్లాసు కింద పెట్టి లేస్తుంది. గుమ్మంలోకి వచ్చి, బయల్దేరినవాళ్ళని ఎవరూ అడగకూడని మాట అడుగుతుంది.

"ఎక్కడికత్తా?"

"నీకెదురొస్తున్నానే."

"అయితే తొందరగా రా. రైలుకి టైమవుతోంది."

కర్రలతో మంచుని ఒక్క తోపు తోస్తాను. తలుపు రెక్కలు జారుతాయి. గొళ్ళెం గలగలమంటోంది.

హరిప్రియ గుమ్మం దాటుతుంది. దాని వెనకే హాల్టికెట్టు పట్టుకున్న పదో తరగతి హరిప్రియ దాటుతుంది. ఆ వెనక కాలేజీకి కొత్త చెప్పులేసుకున్నది, డాన్సు పోటీకి గజ్జెలు కట్టుకున్నది, నేను చూడకుండా బయల్దేరినవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు తెల్లవాలు ఎక్కి వస్తున్నారు. అందరికంటే చిన్నది అందర్నీ తోసుకుని ముందుకొస్తుంది. అయిదేళ్ళది, పలక సంచీ, నేను వేసిన రెండు జడలు. ముందు పళ్ళు రెండూ లేవు. పళ్ళు ఊడిన సంగతి నాకు తెలుసు. బడికి వెళ్ళేటప్పుడు ఇంతలా నవ్వుతుందని మాత్రం తెలీదు.