కెటిల్‌గార్త్ వారి భుజాలు

కాలువలోంచి మరో పార నల్లమట్టి ఎత్తి గోడవార పోసి, ఏమస్ కెటిల్‌గార్త్ నడుం పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ లోయ రోడ్డు పక్క కాలువలు తీసేది అతనే. వాన పడితే నీళ్లు ఎటు పోవాలో నీళ్లకన్నా ముందు అతనికే తెలుసు. ఎండిన కట్టెలాంటి ఒళ్లు, చెవులదాకా దిగిన టోపీ. చలికాలం గడవడం కష్టమని డాక్టరు వారం కిందటే చెప్పాడు. "సరే" అని వచ్చి మళ్లీ పనిలో దిగాడు.

చెప్పొద్దూ, చావంటే అతనికి బెంగ లేదు. బెంగల్లా మోసేవాళ్ల గురించే.

ఎప్పుడో సముద్రం దాటి వచ్చిన కెటిల్ అనేవాడు ఆ కొండవాలున గొర్రెలకు రాతిదొడ్డి కట్టాడట. గార్త్ అంటే అక్కడి మాటలో దొడ్డి, ఆ దొడ్డి పేరే ఇంటిపేరయింది. రెండు లోయలు దాటితే ఆ పేరు ఎవరూ విననైనా వినలేదు. ఆ ఇంట్లో ఎవరు పోయినా కొండ మీది నుంచి చర్చిదాకా ఆ ఇంటిపేరు గల మగవాళ్లే ఆరుగురు భుజాన మోయాలి, పరాయి భుజం తగలకూడదు. తాతను మోసినప్పుడు మూడు జట్లు మారాయి. తండ్రినాటికి ఒక్క జట్టే మిగిలింది. అన్ననాటికి నలుగురు, దారిలో రెండుసార్లు దించారు. ఇప్పుడు ఆ నలుగురిలో మిగిలింది ఏమస్ ఒక్కడే. సీసపు గనులు మూతబడి కొందరు, యుద్ధాలకు కొందరు పోయారు. ఆడపిల్లలంటారా, పెళ్లిళ్లయి పరాయి పేర్లలో కలిసిపోయారు. ఏమస్‌కు పెళ్లే కాలేదు.

మధ్యాహ్నం ఊరూరా తిరిగే లైబ్రరీ వారి పుస్తకాల బండి వచ్చింది. దాన్ని నడిపే ఎనిడ్ అతనితో బడిలో చదువుకున్న మనిషి. తన ఇంటిపేరు వాళ్లు దేశంలో ఇంకెక్కడైనా ఉన్నారేమో చూడమని ఆమెను అడిగి ఉంచాడు.

"బూట్లు బయట విప్పు. ఇది నీ కాలువ కాదు," అంది, అతను బండి ఎక్కబోతుంటే.

"విప్పితే కంపుకు నువ్వే బయటికి పరిగెడతావు. దొరికారా?"

ఎనిడ్ కాగితం తీసింది. "వందేళ్ల కిందటి జనాభా లెక్కలో నలభై ముగ్గురోయ్ మీవాళ్లు. ఇప్పటి ఓటర్ల జాబితాలన్నీ గాలించాను. నలుగురు."

"నలుగురు చాలు. దించుకుంటూ పోతారు."

"ఇద్దరు ఆడవాళ్లు, ఎనభై దాటారు. హల్ పట్నంలో ఒకాయన, మంచం దిగలేడు."

"నాలుగోవాడు?"

"నువ్వే."

ఏమస్ నవ్వాడు. "వాడు రాలేడు. ఆ రోజు వాడికి వేరే పనుంది."

ఎనిడ్‌కు నవ్వు రాలేదు. "మా ఆయన్నీ తమ్ముణ్ణీ పంపుతాలే. భుజం భుజమేగా."

"కాదులే, ఎనిడ్."

అంతే. ఆమె ఫ్లాస్కులోంచి పోసిన టీ తాగి, చీకటి పడేలోగా చర్చి మలుపుదాకా కాలువ తీశాడు.

నవంబరులో మొదటి మంచు కురిసిన ఉదయం, పాలవాడు ఎన్నిసార్లు తట్టినా తలుపు తెరుచుకోలేదు.

అంత్యక్రియలు జరిపించేవాళ్లు పేటికను చక్రాల బండి మీద తోసుకుపోయారు. రోడ్డు బాగుంది, బండి ఎక్కడా ఆగలేదు. ఎవరి భుజమూ తగలలేదు.

ఇల్లు సర్దడానికి వెళ్లిన ఎనిడ్ వంటగది సొరుగు లాగింది. మోసినవాళ్లకు కొత్త చేతితొడుగులు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. సొరుగులో ఆరు జతలున్నాయి. నల్ల ఉన్నివి, కాగితప్పట్టీ విప్పనివి, ఆరూ అతని చేతి కొలతవే.