లోసా రాయని ఉత్తరం

"ఎవరి దస్తూరీ అయినా అచ్చుగుద్దినట్టు దించేస్తావు సేయినీ! నుకుఅలోఫా ఊరు మొత్తంలో నీలాంటి పిల్ల లేదు," అంటూ ఇసికేలి తన చరిత్ర నోట్సు ఆమె ముందు పడేసేవాడు. రెండేళ్లుగా అతని హోంవర్కు ఆమే రాస్తోంది. బడి రగ్బీ జట్టు కెప్టెన్ అయిన అతను తనని పేరుపెట్టి పిలవడమే పదహారేళ్ల సేయినీకి కూలి.

ఈసారి తెల్లకాగితం తెచ్చాడు. చర్చి హాలు వెనక అతనూ, సేయినీ నేస్తం లోసాయూ ముద్దు పెట్టుకోవడం ఎవరో చూసి ప్రిన్సిపాల్‌కి చెప్పేశారు.

"లోసాయే నా వెంటపడ్డట్టు, దాని చేతిరాతతో నాకో ఉత్తరం రాసిపెట్టు. లేకపోతే శనివారం ఆటలో నన్ను దిగనివ్వరు. ఏడాది చివర డాన్సుకి నిన్నే తీసుకెళ్తా, ఒట్టు."

లోసా! ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ, ఒకే గొడుగు. అయినా ఈ సంగతి తనతో మాటమాత్రం అనలేదు. ఆ మంటలోనే సేయినీ రెండు వాక్యాలు రాసింది.

"'తప్పు నాదే, క్షమించు' అని కూడా రాయి," అన్నాడతను.

చెయ్యి ఆగిపోయింది. ముద్దు ఇద్దరిదీ అయితే తప్పు ఒక్కదానిదెలా అయింది? దాన్ని తన చేత్తోనే ఎందుకు రాయిస్తున్నాడు? ఆ సగం ఉత్తరం పట్టుకుని లేచింది.

ప్రిన్సిపాల్ గదిలో లోసా తల్లి ముఖం ఎత్తలేకపోతోంది. "మగపిల్లలు అలాగే ఉంటారు. జాగ్రత్త పడాల్సింది నువ్వు," అని ప్రిన్సిపాల్ లోసాతో అంటోంది. సేయినీ తలుపు తోసుకుని వెళ్లి కాగితం బల్లమీద పెట్టింది.

"ఇది ఇసికేలి నాతో రాయించాడు మేడమ్. ఇన్నాళ్లూ అతనిచ్చిన హోంవర్కంతా కూడా నేనే రాశాను."

మోసం చేసినందుకు సేయినీని రెండు వారాలు బడికి రావద్దన్నారు. లోసాని మందలించి వదిలేశారు. శనివారం ఇసికేలి మైదానంలోకి దిగాడు, కెప్టెన్‌గానే.

ఆ సాయంత్రం లోసా సేయినీ ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"నీకూ వాడంటే ఇష్టమా?"

"ఊఁ."

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?"

లోసా మళ్లీ అడిగింది. "ఆ కాగితం... నువ్వు అసలు మొదలుపెట్టలేదు కదూ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సులువు!

"రెండు వాక్యాలు రాశాను," అంది సేయినీ. తలుపు మాత్రం తెరిచే ఉంచింది.