నాలుగో నంబరు పడవ

లైఫ్ జాకెట్టు బకిలు ఎప్పుడూ ఆఖరి పిల్లవాడి దగ్గరే మొరాయిస్తుంది. గొట్టం మామ మోకాళ్ల మీద కూర్చుని, చలికి కొయ్యబారిన వేళ్లతో దాన్ని నొక్కుతుంటే పిల్లవాడు ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని సాయం చేశాడు. వెనక అమ్మ, నాన్న, నాన్నమ్మ వరసగా నిలబడ్డారు. నాన్నమ్మ చేతిలో మందుల సంచి, నాన్న చేతిలో కొత్త బకెట్టు. బజారు పని చూసుకుని అటునుంచి అటే షికారుకు వచ్చినట్టున్నారు.

"బకెట్టు ఇక్కడ పెట్టండి సార్. నీళ్లు తోడే అవసరం రాదులెండి," అన్నాడు.

నాన్నమ్మ నవ్వింది. తెల్లవారుజాము నుంచి పట్టిన మంచు కొలను మీద ఇంకా విడలేదు. అయినా శనివారం కదా, జనం విరగబడ్డారు. పెడళ్లు తొక్కే అద్దె పడవల రేవులో జాకెట్లు కట్టడం, టైము అయిపోయిన పడవల్ని నంబరు పెట్టి పిలవడం అతని ఉద్యోగం. మెడలో వేలాడే మైకు గొట్టం వల్ల ఆ పేరు వచ్చింది. పిల్లలు 'మామ' అని చేర్చబట్టి మర్యాద దక్కింది గానీ, లేకపోతే ఉత్త గొట్టంగాడే.

"ఏడో నంబరూ, టైమైంది, వచ్చేయండి."

పిలిస్తే ఎవరైనా వస్తారు. రాకపోతే రెండోసారి పిలుస్తాడు. నీళ్ల మీద అంత గట్టిగా పిలవగల మనిషికి ఇంట్లో ఒక్క మాట పెగలలేదు. ఆ మధ్యాహ్నం బస్సుకు అక్క వెళ్లిపోతోంది.

బావ పోయాక అక్క, పెళ్లి ఊసెత్తని తమ్ముడు ఏళ్ల తరబడి రెండు గదుల్లో సర్దుకున్నారు. ఆమె ఇంట్లోనే చిరుగులు కుట్టేది, జిప్పులు వేసేది. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన జిప్పు వేయించుకోవడానికి వచ్చి, జిప్పు బాగుపడ్డాక కూడా రావడం మానలేదు. పోయిన వారం ఇద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. ఇంక ఆయన ఊళ్లోనే కాపురం. ఈ వయసులో ఇదేమిటని వీధి మూతి విరిచింది. గొట్టం మామ విరవలేదు, సంతోషించనూ లేదు. సాక్షి సంతకం పెట్టమంటే పెట్టాడు. ఆ మనిషిని మాత్రం ఇప్పటికీ 'డ్రైవరుగారూ' అనే పిలుస్తున్నాడు. అలా పిలిచినప్పుడల్లా అక్క ఒక్క క్షణం తమ్ముడి మొహంలోకి చూసి, మళ్లీ కుట్టులో తల దూరుస్తుంది.

పొద్దున ఆమె తన తాళం చెవి తెచ్చి అతని గ్లాసు పక్కన పెట్టింది. చీకట్లో చేతికి తెలిసేలా దానికి ఎర్ర ఉన్నిదారం కట్టుకుంది.

"ఇదిగోరా. ఇంక నాకెందుకు?"

"సరే," అన్నాడు.

ఆ 'సరే'కు పొద్దుటి నుంచీ తనను తాను తిట్టుకుంటున్నాడు. ఉంచుకో అక్కా, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా, అది నీ ఇల్లే అనాల్సింది. నోట్లో నువ్వుగింజ నానదని అందరూ వెక్కిరించే తను, ఆ మాత్రం మాట అనలేకపోయాడు. పైగా శనివారం రద్దీ, బస్టాండుకు రాలేనన్నాడు. సెలవు అడగనే లేదు. తాళం చెవి మాత్రం జేబులో వేసుకుని వచ్చాడు.

మంచు విడిచాక, పిల్లల వరస మధ్యలో ఒక పెట్టెతో అక్క, డ్రైవరు కనిపించారు.

"నువ్వు రాలేనంటే మేమే వచ్చాం. బస్సుకింకా టైముందిలే. ఇన్నేళ్లలో నీ పడవ ఒక్కసారీ ఎక్కలేదు తెలుసా?" అంది అక్క.

టికెట్లు గుప్పిట్లో పట్టుకుంది. వీధి మొత్తానికి కుట్లు వేసే మనిషి, చిల్లుపడిన తన కోటు ఎడమ జేబును మాత్రం రెండు చలికాలాలుగా రేపు కుట్టుకుంటానంటోంది. గొట్టం మామ ఎదురుగా నిలబడి జాకెట్టు తొడిగాడు. "తొందరగా మామా," అని వెనక నుంచి ఎవరో అరిచారు. అక్క నీళ్లకేసి చూస్తోంది. అతను తాళం చెవి తీసి, ఆమె కోటు జేబులోకి జారవిడిచాడు. మాట రాకపోయినా పని అయింది.

నాలుగో నంబరు పడవ ఒక పక్కకు వాలుతూ బయల్దేరింది. డ్రైవరు బస్సు తిప్పినట్టు తిప్పుతుంటే, అక్క వంగి వంగి నవ్వడం ఒడ్డు దాకా వినిపించింది. తమ ఇంట్లో ఆమె అలా నవ్వగా అతను వినలేదు.

మిగతా పడవలన్నీ పిలిచాడు. నాలుగును పిలవలేదు.

"వాళ్లు మాకంటే ముందెక్కారుగా? పిలవరేం?" అన్నాడు, రెండో విడత షికారు కూడా ముగించి దిగిన బకెట్టు ఆసామి.

గొట్టం నోటి దగ్గరికి వచ్చింది, దిగింది. పిలిస్తే అక్క వస్తుంది. వస్తే వెళ్లిపోతుంది. కానీ బస్సు ఆగదు.

"నాలుగో నంబరూ..." గొట్టం రెండు చేతులా పట్టుకున్నాడు. "బావగారూ, వచ్చేయండి. బస్సు టైమవుతోంది."

కొలనంతా వినిపించింది. పడవలో తొక్కడం ఆగింది. అక్క ఒడ్డుకేసి చాలాసేపు చూసింది.

దిగాక ఆమె తమ్ముడి మఫ్లరు సవరించింది. "గొంతు జాగ్రత్తరా. పగలంతా అరుస్తావు."

"వెళ్లొస్తాం బావమరిదిగారూ," అన్నాడాయన పెట్టె ఎత్తుకుంటూ.

ఆ మధ్యాహ్నమంతా గొట్టం మామకు మనసు తేలిగ్గా ఉంది. ఒక పాపను నవ్వించాడు, ఒక జంటను ఆలస్యానికి క్షమించాడు. బస్సులో ఎక్కడో అక్క జేబులో చెయ్యి పెడుతుంది, చూస్తుంది, ఫోను చేస్తుంది.

పొద్దు వాలుతుండగా పడవల్ని ఒడ్డుకు లాగి, అడుగున నిలిచిన నీళ్లు తోడటం మొదలుపెట్టాడు. నాలుగో పడవలో, పెడళ్ల కింద, ఎర్రగా ఏదో కనిపించింది.

ఎదురుగా నిలబడి వేశాడు. తన కుడి ఆమెకు ఎడమ, చిల్లు జేబు.

ఫోను తీశాడు. నీ తాళం చెవి ఇక్కడే ఉండిపోయిందక్కా అని చెప్పొచ్చు. ఇంక నాకెందుకురా అని ఆమె మళ్లీ అంటే? ఫోను లోపల పెట్టేశాడు.

ఇంటికి వచ్చి తన తాళం చెవి తన మేకుకు తగిలించాడు. పక్క మేకు ఖాళీగా ఉంది. రెండోది దానికి తగిలించి, బట్టలు కూడా మార్చుకోకుండా అక్క వదిలి వెళ్లిన కుట్టుమిషను పక్కన కూర్చున్నాడు. తడిసిన ఎర్ర ఉన్నిదారం చివర నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా గుమ్మం దగ్గర నేలమీద పడుతూనే ఉన్నాయి.