తీగకు తగిలిన గాడి

మా ఆయన ఆరిన్ ముప్పై ఏళ్ళుగా రైఫిల్ తూటాలు ఇంట్లోనే నింపుకుంటాడు. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చి, కడిగి, ఒక్కొక్కటే తూచి, బరువు కలిసినవన్నీ ఒక డబ్బాలో వేసి, వాటిలోనే మళ్ళీ మందూ గుండూ కూరతాడు. గొట్టాలు ఒక్క తీరుగా లేకపోతే, వెయ్యి గజాల దూరాన ఒక దెబ్బ పైకి, ఒకటి కిందకి పోతుంది.

ఆ శనివారం పొద్దున మా అమ్మాయి సిగ్రిడ్, వాళ్ళ నాన్న నింపిన అరవై తూటాలు పట్టుకుని గురి పోటీకి వెళ్ళింది. నేను గ్యారేజీలో బల్ల సర్దుతున్నాను. ఆ తూటాలకు వాడిన డబ్బాలోవే ఎనిమిది గొట్టాలు మిగిలాయి. ఊరికే ఒకటి తీసి, కొస వంచిన సన్నటి తీగను లోపలికి దూర్చి, అడుగు దగ్గర గోడ వెంట గీశాను. పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పాడు. తీగ దేనికో తట్టుకుంది. మళ్ళీ గీశాను. మళ్ళీ అక్కడే.

పదేపదే కాల్చిన గొట్టం సాగి లోపల అలా గాడి పడుతుంది. దాన్నే నింపి కాలిస్తే అక్కడ తెగి, మంట కాల్చేవాళ్ళ మొహం మీదికి తన్నుతుంది.

"ఆరిన్! ఇలా రా!"

కాఫీ కప్పుతో వచ్చాడు. తీగతో రెండుసార్లు గీశాడు. "బాగానే ఉందిగా."

"బాగుందా? ఇక్కడ తగలట్లేదూ?"

"నీకు అన్నీ తగుల్తాయి. పొద్దున్నే మొదలెట్టకు, వెర్నా."

రెండోది తీశాను. అందులోనూ గాడి ఉంది. ఆయన చేతికిచ్చి మొహంలోకి చూశాను. "నీ వేళ్ళకేమైంది?"

తీగ బల్లమీద పెట్టేశాడు. "ఏడాదిగా కొసలు మొద్దుబారాయి. షుగరు వల్లేమో. తూకం చూస్తున్నాగా, చాలనుకున్నా."

"తూకంలో గాడి తెలుస్తుందా?"

టైము ఎనిమిదీ ఇరవై. పోటీ తొమ్మిదికి. పోటీ జరిగే లోయలో ఫోను పలకదు. ముప్పై మైళ్ళ దారి. సగం కంకర రోడ్డు. ట్రక్కు నేనే నడిపాను. ఒకచోట ఆవుల మంద అడ్డమొచ్చింది. ఆరిన్ కిటికీలోంచి తల బయటికి పెట్టి వాటిమీద అరుస్తూనే ఉన్నాడు.

ట్రక్కు దిగుతుంటే మొదటి మోత వినపడింది. తర్వాత మరొకటి. ఏది సిగ్రిడ్‌దో తెలియలేదు.

"ఆపండి! కాల్పులాపండి!" అని పరుగెత్తాను. అక్కడ ఎవరరిచినా ఆపాల్సిందే. అందరూ ఆపారు.

చాపమీద పడుకున్న సిగ్రిడ్ తలెత్తింది. "అమ్మా! పరువు తీశావు కదే! మూడు గుళ్ళూ నడిబొడ్డున పడ్డాయి తెలుసా?"

ఆరిన్ ఆమె పక్కన మోకాళ్ళమీద కూలబడ్డాడు. "తప్పు నాదమ్మా. నా వేళ్ళకి తెలీట్లేదు. నీకు చెప్పలేదు."

రైఫిల్లో ఉన్న తూటాను సిగ్రిడ్ తీసేసింది. కాల్చిన మూడు గొట్టాలూ వెతికి చూసింది. రెండోదాని చుట్టూ సగం దాకా సన్నటి పగులు. దాన్ని వాళ్ళ నాన్నకు చూపించలేదు, నాకిచ్చింది. పోటీ నుంచి తప్పుకుంది.

మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని మిగతా యాభై ఏడు తూటాలూ ఊడదీశాం. తీగ సిగ్రిడ్ చేతిలో ఉంది. పదకొండింటిలో గాడి ఉంది. ఒక్కొక్కటి పక్కన పెట్టినప్పుడల్లా ఆరిన్ కళ్ళు మూసుకున్నాడు.

అయిపోయాక లేచి ఫోను తీశాడు. ఈ ఏడాది ఆయన దగ్గర తూటాలు పట్టుకెళ్ళినవాళ్ళు నలుగురు.

"నేను చెయ్యనా, నాన్నా?" అంది సిగ్రిడ్.

"వద్దులే. నా నోటితోనే చెప్పాలి."

ముగ్గురు వెంటనే ఎత్తారు; వాళ్ళవి ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. నాలుగోవాడు లెస్టర్ మాత్రం వేటకెళ్ళాడట. సాయంత్రం ఆరింటికి అతనే తిరిగి ఫోన్ చేసి, "పొద్దుట్నుంచీ ఒక్క జింకా కనబళ్ళేదయ్యా, తుపాకీ ఎత్తే పనే పడలా" అని విసుక్కునేదాకా, వంటింట్లో మేం ముగ్గురం నిలబడే ఉన్నాం.