ఆవు తేన్పు

వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేసేసరికి పలమనేరు పక్క పల్లెలో నాగరత్నమ్మ ఉండే వీధిలో ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. బోరు ఎండినవాళ్లు బెంగుళూరు బస్సెక్కేశారు. ఎదురింటి మునస్వామి కూడా పోయే ఆలోచనలో ఉన్నాడని విన్నప్పటి నుంచి నాగరత్నమ్మకు ముద్ద దిగడం లేదు.

బడి మొహం చూడకపోయినా కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న మనిషి ఆమె. ఆవుల తేన్పుల్లోంచి వచ్చే గాలి భూమిని వేడెక్కిస్తుందనీ, ఎవరి వంతు వేడిని వాళ్లు తగ్గించుకోవాలనీ ఒకనాడు పేపర్లో చదివింది. తన వంతు ఏముంది? కారు లేదు, ఫ్రిజ్జు లేదు. ఉన్నదల్లా కొట్టంలో గౌరి. దాన్ని పంపేస్తే వానలు పడతాయేమో, ఎదురింటి వాళ్లు ఆగిపోతారేమో. లోలోపలే కుమిలి కుమిలి, చివరికి ఆవును కొనుక్కోమని పక్కూరి చెంగయ్యకు కబురుపెట్టింది.

చెంగయ్య కొత్త పలుపుతాడు భుజాన వేసుకుని వచ్చాడు. అమ్మిన ఆవుతో పాత పలుపు పంపరు. ఇంట్లో పాడి కూడా దాంతోనే పోతుందని భయం. నాగరత్నమ్మ గౌరి పలుపు ముడి నెమ్మదిగా విప్పసాగింది.

"ఇంత మంచి ఆవును ఏల అమ్ముతాండావక్కా? తంతాదా?"

ఆమె సంగతి చెప్పింది. చెంగయ్య పగలబడి నవ్వాడు.

"మా ఊర్లో తేపితే ఆ గాలి యాడికి పోతాది? మాకేమన్నా వేరే ఆకాశం ఉండాదా?"

ఆమె చెయ్యి ఆగింది. మునస్వామి కూతురు జాహ్నవి అప్పుడే పాల కోసం చెంబుతో వచ్చి నిలబడింది. తిరుపతిలో వాతావరణం గురించి చదువుతున్న పిల్ల, సెలవులకు ఇంటికొచ్చింది.

"నువ్వు చెప్పు పాపా. నా గౌరి ఎంత వేడి చేస్తాది?"

"తెలీదవ్వా. కంప్యూటర్లో లెక్క కట్టేది చానావరకు పైదేశం ఆవుల కొలతలతో. ఈ పక్క ఆవుల్ని ఎవురన్నా కొలిచినట్టు నేను చదవలేదు. వానల లెక్క ఇంకా కష్టం. ఘాటు పైనుండే మనల్నీ, కిందుండే చిత్తూరునూ కలిపి మ్యాపులో ఒకే గడిలో పెట్టేస్తారు."

"మనకు చలేస్తాంటే వాళ్లకు ఉక్కపోస్తాంటాదే!"

"అదే గదా. భూమి వేడెక్కేది నిజమే అవ్వా. కానీ ఒక్క ఆవును పంపితే మన వీధిలో వాన పడుతుందని ఏ లెక్కా చెప్పదు."

నాగరత్నమ్మ గౌరి గంగడోలు నిమిరింది. సగం విప్పిన ముడిని మళ్లీ బిగించింది.

"నువ్వు పో చెంగయ్యా. ఇయ్యను."

"దీనికా ఇంత దూరం నడిపిస్తివి! మజ్జిగన్నా పొయ్యి."

మజ్జిగ తాగి అతను వెళ్లాక ఆమె జాహ్నవి చెంబులో పాలు పోసింది. మనసు మాత్రం తేలికపడలేదు. గౌరి ఉన్నా పోయినా, ఎదురింటి వాళ్లను ఆపడం తన చేతిలో లేదు.

"పాపా, మీరు పొయ్యేదే అయితే ముందుగా నాకు చెప్పమను మీ నాయన్ను. తెల్లార్తో లేసి మీ వాకిలికి తాళం చూసేది నా వల్ల కాదు."

జాహ్నవి చెంబు కింద పెట్టి, ఆమె పక్కనే గడ్డి మీద కూర్చుంది.